హాజిరా లేని ఎడారి

'డ్యూన్' సినిమా రెండో భాగం 2024లో వచ్చింది. బెంగళూరులో చూసొచ్చిన మా అక్క కొడుకు ఇంట్లో అడుగు పెడుతూనే "మామా, అందులో అన్నీ మన మాటలే. మహ్దీ అంటారు, లిసాన్ అల్ గైబ్ అంటారు. నీళ్లకు కటకట. అచ్చం మన అనంతపురం మాదిరే ఉండాది" అన్నాడు. వాడి సంబరం చూసి నాకూ సంబరమైంది. ఆ వెంటనే ఓ అనుమానం కూడా వచ్చింది. మన మాటలా? ఏ లెక్కన మనవి? వాడికి అరబ్బీ రాదు. నాకూ రాదు.

మేం దూదేకులోళ్లం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అమ్మీ, అబ్బా అనం. అమ్మ, నాయన, జేజి అంటాం. ఫాతేహాని పాతియా అంటాం. పీర్ల పండక్కి గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి పోతాం. ఉరుసుకి పెనుగొండ బాబయ్య దగ్గరికి పోతాం. ఉర్దూ మాట్లాడే సాయిబులకు మేం సగం సాయిబులం. హిందువులకు మాత్రం, అందునా 1992 డిసెంబరు తర్వాత, నిండా సాయిబులమే. ఇట్లాంటివాడు పుట్టపర్తిలో కూర్చుని, ఓ అమెరికావాడు రాసిన అయిదువందల పేజీల పైచిలుకు సైన్స్ ఫిక్షన్ నవల చదివితే ఏం కనబడుతుంది? అది చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ నవలని నేను 1990ల్లోనే కొన్నాను. ఎవెన్యూ రోడ్డు ఫుట్‌పాత్ మీద దొరికింది. యాభై పేజీలు దాటలేకపోయాను. మొదటి పేజీ నుంచే అర్థం చెప్పని పేర్లు వచ్చి మీద పడతాయి. వెనక పదకోశం ఉంది. ప్రతి మాటకీ అక్కడికి పరిగెత్తితే కథ సాగదు. ద్రోహం చేసేదెవరో రచయిత ముందే చెప్పేస్తాడు. కాబట్టి 'తర్వాతేమవుతుంది' అన్న ఆత్రంతో చదివేవాడికి ఇందులో పని లేదు. నీళ్లు, మతం, అధికారం - ఈ మూడూ ఒకదాన్నొకటి ఎట్లా నడుపుతాయన్నదే దీని కథ. మేనల్లుడి మాట విన్నాక మళ్లీ తీసి, ఈసారి పదకోశం మూసిపెట్టి, ముందు అనుబంధంలోని ఎడారి పర్యావరణం వ్యాసం చదివి, తర్వాత నవల్లోకి దిగాను. అప్పుడు దారి దొరికింది. కొత్తగా చదివేవాళ్లకు నేను చెప్పే ఉపాయం కూడా ఇదే.

రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ పత్రికా విలేఖరి. ఆరెగాన్ తీరంలో ఇసుక దిబ్బలు రోడ్ల మీదికి పాకకుండా గడ్డి నాటి ఆపుతుంటే, దాని మీద వ్యాసం రాద్దామని 1957లో పోయాడు. వ్యాసం పూర్తి కాలేదు. ఎడారుల గురించి, ఎడారుల్లో పుట్టిన మతాల గురించి చదువుతూ ఏళ్లు గడిపాడు. 1963 నుంచి 1965 వరకు 'ఎనలాగ్' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలని పుస్తకంగా వేయడానికి చాలామంది వెనుకాడారు. చివరికి కార్ల రిపేరు పుస్తకాలకు పేరుపడ్డ చిల్టన్ కంపెనీ 1965లో వేసింది. ఆ తర్వాత హ్యూగో, నెబ్యులా బహుమతులు వచ్చాయి. పుస్తకాన్ని ఆయన మెట్టభూముల పర్యావరణ శాస్త్రజ్ఞులకు అంకితమిచ్చాడు. ఈ అంకితం చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో శనక్కాయ వేసి ఆకాశంవైపు చూసే మా నేలకు ఇంతకన్నా దగ్గరి అంకితం ఉంటుందా? పుస్తకం వచ్చిన 1965లోనే మన దేశంలో పెద్ద కరువు. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు వస్తే తిన్నాం.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. వేల ఏళ్ల తర్వాతి కాలం. అరాకిస్ అనే ఎడారి గ్రహం. విశ్వంలో ఇంకెక్కడా దొరకని ఒక సుగంధ ద్రవ్యం అక్కడి ఇసుకలో దొరుకుతుంది. అది లేకపోతే గ్రహాల మధ్య ప్రయాణమే లేదు. పాదుషా చక్రవర్తి ఆ గ్రహాన్ని అట్రెయిడీస్ వంశానికి అప్పగించినట్టే అప్పగించి, శత్రువులతో కలిసి వాళ్లని నాశనం చేస్తాడు. దొర చనిపోతాడు. ఆయన కొడుకు, పదిహేనేళ్ల పాల్, తల్లి జెస్సికాతో ఎడారిలోకి పారిపోతాడు. ఫ్రెమెన్ అనే ఎడారి జనంలో కలుస్తాడు. వాళ్లకు మహ్దీ అవుతాడు. వాళ్లని సైన్యంగా మలిచి చక్రవర్తినే దింపుతాడు.

ముందు నచ్చినవి చెబుతాను. నీళ్ల గురించి ఇంత తెలిసి రాసిన నవల నేను ఇంకోటి చదవలేదు. ఫ్రెమెన్ ఒంటి చెమటను పట్టి మళ్లీ తాగే దుస్తులు వేసుకుంటారు. ఎదుటివాడి ముందు ఉమ్మడం అక్కడ అవమానం కాదు, మర్యాద. ఒంట్లో నీరు ఇచ్చినట్టు. చనిపోయినవాడి ఒంట్లో నీరు తెగదే. పాల్ ఒకణ్ణి చంపాల్సి వచ్చి ఏడిస్తే, చచ్చినవాడికి నీళ్లు ఇస్తున్నాడే అని జనం నిబిడాశ్చర్యంతో చూస్తారు. దొర బంగళా ముందు ఇరవై ఖర్జూరపు చెట్లుంటాయి. ఒక్కో చెట్టు తాగే నీళ్లు అయిదుగురు మనుషులు తాగే నీళ్లు. అంటే ఆ చెట్లు వంద మంది. దారిన పోయేవాళ్లు వాటిని చూసే చూపుని హెర్బర్ట్ పట్టుకున్నాడు. ట్యాంకరు దగ్గర బిందెలు వరస పెట్టి నిలబడి, ఎదురుగా లాడ్జీ తోటలో పైపుతో గడ్డికి నీళ్లు పట్టడం చూసినవాళ్లకు ఆ చూపు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక మాటల సంగతికి వస్తాను. ఫ్రెమెన్ అరబ్బీ మాట్లాడరు. అరబ్బీ అరిగిపోయిన మాటలు మాట్లాడతారు. తరిమిన గ్రహం నుంచి ఇంకో గ్రహానికి పోతూ పోతూ వాళ్ల నోట్లో ప్రార్థనలు మారిపోయాయి. పాల్‌కి పెట్టిన పేరు మువద్‌దిబ్. వాళ్ల లెక్కన ఎడారి ఎలుక. అరబ్బీలో ముఅద్దిబ్ అంటే గురువు. లిసాన్ అల్ గైబ్ అంటే వాళ్లకు బయటి లోకం నుంచి వచ్చే గొంతు. మన వాళ్లకు అది పార్సీ కవి హాఫిజ్‌కి ఉన్న బిరుదు. అగోచరం మాట్లాడే నాలుక. నాయిబ్ అంటే వాళ్లకు తెగ నాయకుడు. మనకు నాయబ్ తహసీల్దారు గుర్తొస్తాడు. ఉర్దూ సాయిబులు ఈ మాటలు చూసి నవ్వుతారేమో. నాకు నవ్వు రాలేదు. ఫాతేహాని పాతియా చేసుకున్నవాణ్ణి. ఆ ఫ్రెమెన్ మరెవరో కాదు, మా దూదేకులోళ్లే అనిపించింది. అరిగిన మాటల్లోనూ నమ్మకం నిలుస్తుందని నాకు చెప్పిన మొదటి పుస్తకం, విచిత్రంగా, ఓ అమెరికావాడిది.

కానీ ఇక్కడే గొడవ కూడా మొదలవుతుంది.

బడిలో ఓ రోజు పుస్తకం బల్ల మీద పెట్టి తరగతికి పోయాను. వచ్చేసరికి తోటి పంతులు ఒకాయన పేజీలు తిప్పుతున్నాడు. మంచివాడే. "ఏం సార్, జిహాద్ పుస్తకాలు మొదలుపెట్టినారే?" అన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వాను. మర్నాడు పుస్తకానికి పాత పేపరు అట్ట వేసుకున్నాను. అట్ట ఎందుకు వేశావని నన్నెవరూ అడగలేదు. నేనే అడుగుతున్నాను. అదే పుస్తకం ఆయన చేతిలో ఉంటే సైన్స్ ఫిక్షన్. నా చేతిలో ఉంటే సాక్ష్యం.

ఆ మాట నవల్లో చాలాసార్లు వస్తుంది. ఒకటి, యంత్రాల మీద మనుషులు ఎప్పుడో చేసిన పాత జిహాద్. రెండోది, తన పేరు మీద ఫ్రెమెన్ విశ్వమంతా చేయబోతున్నారని పాల్ ముందే కలల్లో చూసి భయపడే జిహాద్. 1965లో హెర్బర్ట్ ఆ మాట దాచుకోకుండా వాడాడు. 2021లో వచ్చిన సినిమాలో ఆ మాట తీసేసి పవిత్ర యుద్ధం అన్నారు. జోర్డాన్ ఎడారిలో, అబూదాబీ ఎడారిలో తీశారు. ఇసుక కావాల్సి వచ్చింది, మహ్దీ కావాల్సి వచ్చాడు, ఆ ఒక్క మాటే బరువైంది. హెర్బర్ట్‌ది ఒక రకం తప్పు, సినిమావాళ్లది ఇంకో రకం. ఆయన ఆ మాటకున్న అనేక అర్థాల్లోంచి నెత్తురు ఒక్కటే ఏరుకున్నాడు. తన నఫ్స్‌తో తాను చేసే పోరునీ జిహాద్ అనే అంటారన్న సంగతి ఆ నవల్లో బరువుగా ఎక్కడా కదలదు. వీళ్లేమో మాటనే మాయం చేసి మర్యాద చేశామనుకున్నారు. మధ్యలో మనం అట్టలు వేసుకుంటూ ఉండిపోయాం.

ఇంకో సంగతి కూడా గమనించాలి. జెస్సికా బెనె గెసెరిట్ అనే స్త్రీల సంఘంలో తయారైన మనిషి. ఏ వంశంతో ఏ వంశాన్ని కలపాలో తరతరాలుగా లెక్కలు రాసుకునే సంఘం అది. వాళ్లు ఒంటినీ నరాలనీ అదుపులో పెట్టుకునే విద్య పేరు ప్రాణ-బిందు. మన సంస్కృతమే. అంటే, కోటలో కూర్చుని వంశాలు కలిపేవాళ్ల విద్యకు సంస్కృతం, ఎడారిలో దప్పికతో చచ్చేవాళ్ల మొక్కులకు అరబ్బీ. చక్రవర్తి కూడా పాదుషానే కాబట్టి ఈ పంపకం పూర్తిగా ఇట్లాగే ఉందని అనను. హెర్బర్ట్‌కి మన కులాల గురించి ఆలోచన ఉందనీ అనను. అయినా గోత్రాల లెక్కలు తెలిసిన దేశంలో చదివేవాడికి ఇది కళ్లకు గుచ్చుకుంటుంది.

ఈ సంఘం ఇంకో పని కూడా చేస్తుంది. ఎప్పుడో అవసరానికి పనికొస్తాయని గ్రహ గ్రహానికీ పోయి జనంలో జోస్యాలు నాటిపెడుతుంది. బయటినుంచి ఓ తల్లీ కొడుకూ వస్తారు, వాళ్లే రక్షిస్తారు అని. తర్వాత తమ మనిషి ఎవరైనా అక్కడ చిక్కుకుంటే ఆ కథలో దూరి బతుకుతుంది. నవల మొత్తంలో ఇంతకన్నా గొప్ప ఆలోచన లేదంటాను. ఎందుకంటే నాటిన కథల మధ్య బతకడమంటే ఏమిటో మనకు తెలుసు. మనం పుట్టకముందే మన గురించి కథ నాటి ఉంది. పాఠ్యపుస్తకంలో దండెత్తి వచ్చినవాళ్లం. సినిమాలో బాంబులు పెట్టేవాళ్లం, లేకపోతే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మినబంటు భాయి. ఎదుటివాడు మనల్ని చూడడు, తనలో నాటుకున్న కథని చూస్తాడు. హెర్బర్ట్ ఈ కుట్రని బట్టబయలు చేశాడు. అందుకు ఆయనకు సలాం.

అయితే బయటపెట్టినవాడు తాను దాన్నుంచి బయటపడ్డాడా? ప్రతి అధ్యాయం మొదట్లో ఒక ఉల్లేఖన ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం చక్రవర్తి కూతురు ఇరులాన్ రాసిన పుస్తకాల్లోవి. ఎడారి జనం చేసిన తిరుగుబాటు చరిత్రని కోటలో పుట్టిన మనిషి రాస్తుంది. ఫ్రెమెన్ తమ చరిత్ర తాము రాసుకోరు. వాళ్లకు పాటలున్నాయి, సామెతలున్నాయి, కత్తులున్నాయి. పుస్తకం లేదు. పాల్ మనసులో ఏముందో పేజీలకు పేజీలు తెలుస్తుంది. తెగ నాయకుడు స్టిల్గార్ స్నేహితుడుగా మొదలై భక్తుడుగా మిగులుతాడు. తన స్నేహితుడు అట్లా తగ్గిపోయాడని పాల్ బాధపడతాడు. ఆ బాధ కూడా పాల్‌దే. స్టిల్గార్‌ది కాదు.

పుట్టపర్తిలో ఈ నవల చదవడం వేరే అనుభవం. రక్షకుడు అన్న మాట ఇక్కడ పుస్తకంలోది కాదు. సత్యసాయి బాబా 1926లో ఇక్కడే పుట్టి 2011లో ఇక్కడే కన్నుమూశారు. తాను షిర్డీ సాయిబాబా మళ్లీ వచ్చిన రూపమని చెప్పారు. ఆ షిర్డీ బాబా ఉన్నది ఓ పాత మసీదులో. బాబా అన్న మాట పార్సీది. ఊరి బోర్డుల నిండా ఉన్న ఆ మాటని ఇక్కడెవరూ పరాయిదనుకోరు. 1990ల నడుమ ఆయన ట్రస్టు అనంతపురం జిల్లాలో ఏడువందలకు పైగా ఊళ్లకు తాగునీళ్లు తెచ్చింది. 1999లో తపాలా శాఖ దాని పేర స్టాంపు కూడా వేసింది. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు పాడైన ఊళ్లకు అది ఎంత మేలో నాకు తెలుసు. ఆ నీళ్లు తాగినవాణ్ణి. తాగి కాదనను.

నా ప్రశ్న దాత గురించి కాదు, బాకీపడ్డవాళ్ల గురించి. నీళ్లివ్వాల్సింది ప్రభుత్వం. దాదాపు యాభై ఏళ్లు ఇవ్వలేదు. నీళ్లిచ్చినాయన పేరు ఊరూరా అందరికీ తెలుసు. ఇవ్వని వాళ్ల పేర్లు ఒక్కరికీ గుర్తులేవు. నీళ్లు ప్రసాదంగా వచ్చినప్పుడు దండం పెడతాం. రావాల్సినప్పుడు ఎందుకు రాలేదని అడగడం మరిచిపోతాం. హెర్బర్ట్ చెప్పేది కూడా ఇదే. పాల్ రాకముందే ఫ్రెమెన్ గుహల్లో నీళ్లు దాస్తున్నారు. మూడు నుంచి అయిదువందల ఏళ్లలో ఎడారిని పచ్చగా చేయాలన్న లెక్క వాళ్లకుంది. ఆ లెక్క చెప్పినవాడూ బయటినుంచి వచ్చిన శాస్త్రజ్ఞుడే. కానీ బొట్టు బొట్టు కూడబెట్టింది జనం. తమ చచ్చినవాళ్ల నీళ్లని కూడా అందులో పోసింది జనం. మనకు బుక్కపట్నం చెరువు లాంటివి, కట్టల మీద నీళ్లు పంచే నీరుగంటులు ఉన్నట్టే. మహ్దీ వచ్చాక ఆ ఓపిక పని వెనక్కిపోయింది, యుద్ధం ముందుకొచ్చింది. 1969లో వచ్చిన రెండో నవల్లో పాల్ పేరు మీద చచ్చినవాళ్లు ఆరువేల వంద కోట్లు. 1981లో వచ్చిన నాలుగో నవలకి ఎడారి పచ్చబడింది. ఫ్రెమెన్ మాత్రం లేరు. పాత బట్టలు కట్టుకుని పాత ఆచారాలు ఆడి చూపించే మ్యూజియం ఫ్రెమెన్ మిగిలారు. పండగపూట టోపీలో తప్ప కనబడని మన బతుకులు నాకు అక్కడ కనబడ్డాయి.

రక్షకుణ్ణి నమ్మవద్దని ఇంత గట్టిగా చెప్పిన నవల, రక్షకుడు లేకుండా నీళ్లు ఎట్లా వస్తాయో మాత్రం చూపించలేకపోయింది. ఎందుకని? నాకు తోచిన జవాబు పదకోశంలోనే ఉంది. అక్కడ 'హజ్రా' అనే మాటకి వెతుకులాట ప్రయాణం అని అర్థం ఇచ్చాడు. ఆ మాట ఆయన ఎక్కణ్ణుంచి తీసుకున్నాడో గానీ, మనకు హాజిరా అంటే ఓ మనిషి. మా ఇళ్లల్లో హాజిరాలు ఉంటారు, ఊళ్లో వాళ్లని ఆజిరమ్మ అని పిలుస్తారు. మొదటి హాజిరా ఇబ్రహీం ప్రవక్త ఇంట్లో బానిసగా ఉండి, ఆయన బిడ్డని కన్నది. పాలు తాగే ఇస్మాయిల్‌తో నీళ్లులేని లోయలో ఒంటరిగా మిగిలింది. తోలుతిత్తిలో నీళ్లయిపోయాయి. సఫా గుట్ట నుంచి మర్వా గుట్టకి ఏడుసార్లు పరిగెత్తింది. అల్లా దయ జమ్‌జమ్ నీళ్లై వచ్చింది. నిజమే. కానీ ఆ పరుగు తర్వాతే వచ్చింది. ఇవాళ్టికీ హజ్‌కి పోయిన ప్రతివాడూ, నవాబైనా నౌకరైనా, ఆమె తిరిగిన దారిన ఏడుసార్లు తిరగాల్సిందే. నీళ్ల కోసం ఓ బానిస స్త్రీ పడ్డ పాట్లే మన ఆరాధన అయింది.

డ్యూన్ పదకోశంలో పరుగు మిగిలింది, మనిషి రాలిపోయింది. నవల్లో కూడా అంతే. షాడౌట్ మేప్స్ అనే ముసలి ఫ్రెమెన్ స్త్రీ ఉంది. షాడౌట్ అంటే బావిలో నీళ్లు చేదే మనిషి అని, అది గౌరవమైన బిరుదు అని చెబుతాడు. ఆ నీళ్లు చేదే మనిషి ఏం చేస్తుంది? దొరసాని దగ్గర పనిమనిషిగా చేరి, ఆమెలో రక్షకుడి తల్లిని గుర్తుపట్టి, ద్రోహం జరిగిన రాత్రి కత్తిపోటుకి చచ్చిపోతుంది. ఇక చాని. ఎడారి బిడ్డ, పాల్‌తో కాపురం చేసి కొడుకుని కన్నది. ఆ పసివాడు యుద్ధంలో చచ్చిపోతే నవల ఆగి ఏడ్చేది కూడా లేదు. చివర్లో పాల్ గద్దె కోసం ఇరులాన్‌ని పెళ్లాడతాడు. చాని ఉంపుడుగత్తెగానే మిగులుతుంది. చరిత్ర మనల్నే భార్యలంటుందిలే అని జెస్సికా ఓదారుస్తుంది. ఏ చరిత్ర? ఇరులాన్ రాసే చరిత్రేనా?

హాజిరాని కథలోంచి తీసేస్తే ఎడారిలో మిగిలేది రాకుమారుడే. నీళ్లు మోసేవాళ్లు కనబడకపోతే నీళ్లు ఎప్పుడూ ఎవరో ఇచ్చినట్టే ఉంటాయి. ఈ నవల లోటు అది. హెర్బర్ట్ ముస్లిం ద్వేషి అని నేననను. మన మాటల్ని ప్రేమించాడు కూడా. మాటల్ని ప్రేమించినంతగా ఆ మాటలు బతికే మనుషుల్ని చూడలేదు. ముస్లిం పాత్రల్ని సానుభూతితో రాశామని చెప్పుకునే మన తెలుగు అభ్యుదయ రచయితలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మరి చదవాలా వద్దా? చదవాలి. మన మాటలు ఎక్కడికెక్కడికి పోయి ఏమవుతున్నాయో మనకు తెలియాలి. ఇంకో మాట. పరాయివంటున్న ఆ మాటల్లేకుండా మన కరువు గురించి తెలుగులో చెప్పడమే కుదరదు. రైతు అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఖరీఫ్, రబీ అరబ్బీవి. బాకీ, వసూలు, వాయిదా, జప్తు, మాఫీ - అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. శనక్కాయ పంట పోయిన ఏ ఇంట్లోనైనా, ఏ కులం వాళ్లయినా, దినమంతా మాట్లాడేది ఈ మాటలే. మేం పరాయివాళ్లమైతే మీ కరువు కూడా పరాయిదే.

మేనల్లుడికి పుస్తకం ఇచ్చేముందు పేపరు అట్ట తీసేశాను. పదకోశం మరోసారి తిరగేశాను. ఇల్మ్ ఉంది, ఫిక్‌హ్ ఉంది, షరియా ఉంది, బరకా ఉంది. ఎంత వెతికినా నా కంటికి హక్ కనబడలేదు. మన తెలుగులో ఉంది. హక్కు అంటాం. పాతియా మాదిరే దాన్నీ మన నోటికి తగ్గట్టు మార్చుకున్నాం. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగరు. నీళ్ల దగ్గర మనం వాడాల్సిన మాట అదొక్కటే.